ఎడమ ముందుకాలి నాడా

స్తెఫను గుర్రం మొహం చూసేవాడు కాదు. షెడ్డులోకి వచ్చీ రాగానే సామాను పెట్టె కింద పెట్టి, తోలుగుడ్డ నడుముకు కట్టుకుని, నేరుగా కాలు పట్టుకునేవాడు. ముప్పై ఏళ్లుగా అదే వరస. మలక్‌పేట రేసుగుర్రాల దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత చంపాపేట్ నుంచి హయత్‌నగర్ దాకా పెళ్లి గుర్రాల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టాలంటే ఇతనే అనిపించుకున్నాడు. పాత నాడా ఊడదీసి వెలుతురుకు పట్టుకుని చూశాడంటే, ఆ గుర్రం ఎక్కడ తిరిగిందో, ఏ పక్కకు ఒరిగిందో, తోలినవాడు మంచివాడో మొరటువాడో కూడా చెప్పేసేవాడు. పదిసార్లు చెబితే తొమ్మిదిసార్లు నిజమయ్యేది. పదోసారి సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి అతనూ పట్టించుకోలేదు.

మంగళవారం పొద్దున చంపాపేట్ సందులో మహిపాల్ షెడ్డుకు వచ్చినప్పుడూ అంతే. మహిపాల్‌కు మూడు గుర్రాలు, ఒక రథం, రెండు ఫోన్లు ఉన్నాయి. మూడు గుర్రాల్లోనూ ముత్యాలు అనే తెల్ల గుర్రమంటేనే గిరాకీ. పెళ్లివారు ఫోటో చూసి దాన్నే కావాలంటారు. దాన్ని కడిగి, మేపి, ఊరేగింపుల్లో కళ్లెం పట్టి నడిపించేది జంగయ్య. నలభై అయిదేళ్ల మనిషి. నోట్లోంచి మాట రావాలంటే పొద్దు గూకాలి.

స్తెఫను ముత్యాలు ఎడమ ముందుకాలు ఎత్తి తన మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. గిట్ట మీద మడిచిన మేకుల కొనలు లేపాడు. పటకారుతో నాడాను మెల్లగా వదులు చేసి లాగాడు. అది చేతిలోకి వచ్చిన మరుక్షణం అతని కనుబొమలు పైకి లేచాయి.

"సేటూ, జర ఇటు రా. గిది చూడు."

మహిపాల్ ఫోను చెవికి పెట్టుకునే వచ్చాడు. నాడా లోపలి అంచు చిటికెన వేలంత మందంగా ఉంది. బయటి అంచు మాత్రం అరిగి అరిగి రేకైపోయింది.

"నేను కొట్టి ఇరవై నాలుగు రోజులే అయింది" అన్నాడు స్తెఫను.

"కాలు వంకరనా అన్నా?"

"కాలు సక్కగుంది. నేను కొట్టిందీ సక్కగుంది. గిది తారురోడ్డు మీద కుడిచేతి దిక్కు గుండ్రంగ తిప్పిన అరుగుడు. ఒక్కరోజు కాదు, రోజూ తిప్పిండ్రు."

"గుండ్రంగ మనమెక్కడ తిప్పుతం? బరాత్ అంటే సీదా పోవుడే కద."

"గదే నేనంటున్న. నీకు తెల్వకుంట ఎవరో తిప్పుతున్నరు." స్తెఫనుకు హుషారు పుట్టింది. ఇలాంటప్పుడు అతని గొంతు కొంచెం పెద్దదవుతుంది. "పెళ్లికి ముందు ఫోటో షూటింగులని ఇప్పుడు నడుస్తున్నయ్ చూడు. పిల్లాపిలగాణ్ణి నడుమ నిలవెట్టి సుట్టూ గుర్రాన్ని ఉరికిస్తరు. గిది గా అరుగుడే."

మహిపాల్ ఫోను ఆపేశాడు. షెడ్డులో తెల్లవారుజామున గుర్రాన్ని బయటికి తీసుకుపోయేది ఒక్కడే. మహిపాల్ కళ్లు వెళ్లి జంగయ్య మీద ఆగాయి. జంగయ్య గడ్డి మోపు విప్పుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"నేను షూటింగులకు తీస్కపోలే సేటు."

"మరి రోజూ అయిదింటికి ఎటు తీస్కపోతున్నవ్?"

"నడిపిస్త. ఊకెనే నడిపిస్త."

"ఊకెనే నడిపిస్తే గిట్ల అరుగుతదా? అంటే స్తెఫనన్న అబద్ధం చెప్తుండా?"

జంగయ్య స్తెఫను వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, ముత్యాలు వైపు చూసి ఊరుకున్నాడు.

"అన్న అబద్ధం చెప్పడు" అన్నాడు చివరికి.

ఆ మాటతో మహిపాల్‌కు ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది. తిండి పెట్టిన చేతినే మోసం చేస్తావా అన్నాడు, ఇంకా చాలా అన్నాడు, ఆ నిమిషంలోనే షెడ్డు దిగి పొమ్మన్నాడు. జంగయ్య మేకుకు తగిలించిన తువ్వాలు, స్టీలు టిఫిను తీసుకున్నాడు. పోయేముందు గుర్రం చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్లి, ముందు ఏదో మెల్లగా మాట్లాడి, ఆ తర్వాతే దాని మెడ మీద చెయ్యి వేశాడు. గిట్ట ఆకురాయితో చదును చేస్తున్న స్తెఫనుకు అతని హవాయి చెప్పులు మాత్రమే కనిపించాయి. కాసేపటికి అవి వెళ్లిపోయాయి.

స్తెఫను కొత్త నాడా అమర్చాడు. ఆరు మేకులు కొట్టాడు. ఆరూ ఒక వరసలో బయటికి వచ్చాయి. పని చక్కగా వచ్చిందన్న సంతోషం ఉంది, కనిపెట్టానన్న సంతోషం అంతకంటే ఎక్కువ ఉంది. జంగయ్య పోయిన తీరు కొంచెం కలుక్కుమనిపించింది గానీ, తప్పు చేసినవాడికి శిక్ష పడితే నేనేం చేసేదని సర్ది చెప్పుకున్నాడు. ఇంటికి పోయి భార్య ఎలీశమ్మకు ఆ కథ రెండుసార్లు చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం మహిపాల్ ఫోను చేశాడు.

"అన్నా, ముత్యాలు ఎక్కనిస్తలేదు. ఆదివారం పెద్ద గిరాకీ ఉంది. పెళ్లికూతురే ఎక్కుతదట, పెళ్లికొడుకు కాదు. వాళ్లొచ్చి నిలబడ్డరు. నువ్వు జల్ది రా. కొత్త నాడా ఏమన్న గుచ్చుతుందేమో చూడు."

కొత్త నాడా గుచ్చడమా! స్తెఫనుకు ఒళ్లు మండింది. బండి తీసి పది నిమిషాల్లో చంపాపేట్‌లో ఉన్నాడు.

షెడ్డు ముందు వెంకట్రావు అనే పెద్దమనిషి అటూ ఇటూ తిరుగుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. వెనక బెంచీకి కూడా వినపడాలని అలవాటైన గొంతు.

"మా వైపు పెళ్లికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి తెస్తాడండీ. గుర్రం మీద తెచ్చిన వాళ్లని నేనెక్కడా చూళ్లేదు. చెబితే వింటుందా?"

"గంపలో కూడా కూర్చుంటాను నాన్నా, మండపంలోకి వెళ్లేటప్పుడు. రోడ్డు మీద మాత్రం గుర్రమే" అంది అతని కూతురు సింధు. బ్యాంకులో ఉద్యోగం. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది. ఎక్కడానికి వేసిన ముక్కాలిపీట మీద నిలబడి, ఎక్కి తీరతానన్నట్టు నడుము మీద చేతులు పెట్టుకుంది.

స్తెఫను ఎడమ ముందుకాలు ఎత్తాడు. నాడా బిగువుగా ఉంది. మేకు ఏదీ కండకు తగల్లేదు. గిట్ట వేడిగా లేదు. ఇక వదిలేయబోతూ నాడా అడుగువైపు బొటనవేలితో రాశాడు. రాసిన వేలు ఆగిపోయింది.

లోపలి అంచు మీద తను కొట్టిన సుత్తి దెబ్బల గుర్తులు అలాగే ఉన్నాయి. బయటి అంచు మీద ఒక్కటీ లేదు. అక్కడ ఇనుము అప్పుడే నునుపు తేలి మెరుస్తోంది.

"సేటూ, మంగళవారం సంది గుర్రం బయటికి పోయిందా?"

"ఎక్కడికి? గీ సందు కొసదాకా నేనే రోజు రెండుసార్లు సీదా నడిపిస్తున్న. మనిషెవడు దొరికిండని?" మహిపాల్ ఆ మాట అని బ్యాండువాళ్లతో ఫోనులో పడ్డాడు.

జంగయ్య లేడు. షూటింగు లేదు. అరుగుడు మాత్రం ఉంది. స్తెఫనుకు కలిగింది భయమో, సంబరమో అతనికే తెలియలేదు. ముప్పై ఏళ్లలో నాడా అతన్ని ఇలా ఎదిరించడం మొదటిసారి. గుర్రం మోకాలు పట్టి చూశాడు. వెనక నరం పొడుగునా వేలు జార్చాడు. భుజం నొక్కాడు. కాలు ముందుకు లాగి, వెనక్కి లాగి, మడిచి వదిలాడు. ఎక్కడా నొప్పి లేదు, వాపు లేదు. అతనికి తెలిసిన విద్య అంతా అయిదు నిమిషాల్లో అయిపోయింది.

అప్పుడు సింధు పీట దిగి, సంచిలోంచి బెల్లం ముక్క తీసుకుని గుర్రానికి కుడిపక్కగా వెళ్లింది. చెయ్యి చాచింది. ముత్యాలు కదల్లేదు. చెయ్యి మెడకు తగలగానే మాత్రం ఒక్క ఉదుటున ఎగిరి పక్కకు దూకింది. స్తెఫను పెట్టె బోర్లా పడి మేకులు చెల్లాచెదురయ్యాయి. వెంకట్రావు "సింధూ!" అని కేక పెట్టాడు. ఆ అమ్మాయి అదిరిపోయినా పారిపోలేదు. చుట్టూ తిరిగి ఎడమపక్కకు వచ్చి మళ్లీ చెయ్యి చాచింది. ముత్యాలు మూతి చాపి బెల్లం నెమ్మదిగా అందుకుంది.

"ఏంటండీ ఇది?" అంది సింధు. "ఇటువైపు నుంచి వస్తే చూస్తుంది. అటువైపు నుంచి వస్తే నన్నసలు చూడట్లేదు."

స్తెఫను నడుము పట్టుకుని నిటారుగా లేచాడు. ఆ గుర్రం మొహాన్ని మొదటిసారి తీరిగ్గా చూశాడు. తల కుడివైపుకు తిరిగి ఉంది. నిలబడినా అంతే, రెండడుగులు నడిపించినా అంతే. అతను దాని ఎడమ కన్ను అరచేత్తో మూసి, కుడి కంటి ముందు వేళ్లు ఆడించాడు. రెప్ప పడలేదు. ఇంకా దగ్గరికి తెచ్చాడు. పడలేదు. ఎడమ కంటి ముందు ఒక్కసారి కదిపాడో లేదో, తల వెనక్కి లాక్కుంది. వెలుతురులోకి తిప్పి చూస్తే కుడి కంటి లోపల, చాలా లోపల, నీలం కలిసిన పాలమీగడ లాంటి పొర ఒకటి కనబడింది.

దొరికింది! అరవాలనిపించింది అతనికి. కుడి కన్ను పోయింది కాబట్టి మంచి కంటితో ముందు దారి చూసుకోవడానికి తల కుడికి తిప్పుతోంది. మెడ అటు వంగితే ఒళ్లు ఇటు వాలుతుంది. బరువంతా వచ్చి ఎడమ ముందుకాలి బయటి అంచు మీద పడుతుంది. అరిగేది కాలే గానీ జబ్బు కాలిది కాదు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి సరిపోతుంటే స్తెఫనుకు ఒళ్లు పులకరించింది. పిల్లవాడిలా చప్పట్లు కొట్టేవాడే.

అంతలోనే చేతులు ఆగిపోయాయి. 'అన్న అబద్ధం చెప్పడు' అన్న జంగయ్య మాట మళ్లీ చెవిలో మోగింది. ముందుగా మాట్లాడి, ఆ తర్వాత కుడిపక్క మెడ మీద చెయ్యి వేసిన మనిషి. వాడికి తెలుసు. వాడికి ముందునుంచే తెలుసు. సిగ్గుతో స్తెఫను చెవులు వేడెక్కాయి.

"ఏమన్న దొరికిందా అన్నా?" మహిపాల్ ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

నోరు తెరిచాడు స్తెఫను. గిరాకీ ముందు ఎలా చెప్పడం? జంగయ్యను అడగకుండా ఎలా చెప్పడం?

"నాడా మంచిగనే ఉంది. గుర్రం బెదిరింది. రేపు చెప్త." తర్వాత సింధు వైపు తిరిగాడు. "నువ్వు ఎడమదిక్కు నుంచే ఎక్కాలె తల్లీ. గుర్రాన్ని ఎప్పుడైనా అటు నుంచే ఎక్కుతరు."

సింధు అతని వైపు చూసింది, గుర్రం కుడి కంటి వైపు చూసింది. ఏమీ అడగలేదు. ఎడమపక్కనుంచి ఎక్కి కూర్చుని, తండ్రికి చెయ్యి ఊపింది.

బస్తాలు మోస్తున్నాడని విని, శనివారం పొద్దున హయత్‌నగర్ మార్కెట్లో జంగయ్యను వెతికి పట్టుకోవడానికి గంట పట్టింది. ఉల్లిగడ్డ బస్తా వీపు మీద వేసుకుని లారీ నుంచి దుకాణానికి నడుస్తున్నాడు. స్తెఫనును చూసి ఆగలేదు. బస్తా దింపి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, అప్పుడు వచ్చాడు.

"కుడి కన్ను" అన్నాడు స్తెఫను.

జంగయ్య మొహంలో రంగు మారింది. "సేటుకు చెప్పినవా?"

"ఇంకా లే."

"చెప్పకన్నా. నీ కాళ్లు మొక్కుత."

"అరే, నీ మీద దొంగతనం మోపితి గదరా! నేను నోరు జారితే నీ కొలువు పాయె. పొయ్యి చెప్త, నీ పేరు సాఫ్ చేస్త."

"నా పేరు సాఫ్ అయితది. మరి దాని సంగతి? పోయినేడు బాద్‌షాకు ఏమైందో యాదుందా?"

యాదుంది. బాద్‌షా గోధుమరంగు గుర్రం. మోకాలు వాస్తే స్తెఫను చూసి, ఈ కాలు ఇక మళ్లీ రాదని చెప్పి తన దారిన తను వెళ్లిపోయాడు. మూడో రోజు మహిపాల్ దాన్ని ఇబ్రహీంపట్నం అవతల ఇటుకబట్టీకి అమ్మేశాడు.

"నేనే లారీ ఎక్కించిన" అన్నాడు జంగయ్య. "కుంటుకుంట ఎక్కింది. నాకు ఇయ్యాల ఉల్లిగడ్డ బస్తాలు దొరికినయ్, రేపు ఇంకోటి దొరుకుతది. దానికి ఇంకోటి దొరుకదన్నా."

నెల కింద గుర్తుపట్టాడట. గిరాకీ లేని రోజున పశువుల దవాఖానాకు నడిపించుకుపోయి చూపించాడట. పోయిన కన్ను రాదు, రెండోది మాత్రం గట్టిగా ఉంది, అలవాటు చేస్తే పనిచేసుకుని బతుకుతుందని డాక్టరు చెప్పాడట. అప్పటినుంచి రోజూ అయిదింటికి లేపి, కుడిపక్క తను నడుస్తూ, నోటికొచ్చిన ముచ్చట చెబుతూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా తీసుకుపోయి తెస్తున్నాడు. ఆ పక్కన గొంతు వినబడుతున్నంతసేపూ అది బస్సు హారనుకు కూడా బెదరదు. ఊళ్లో వాళ్లంతా కళ్లెం ఎడమపక్క పట్టుకుంటే జంగయ్య ఒక్కడే కుడిపక్క పట్టుకునేవాడు. నోట్లోంచి మాట రాని మనిషి నెలరోజులుగా ఒక గుర్రానికి ఏం ముచ్చట్లు చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి.

ఎదురుగా ఉన్న మనిషి ముందు స్తెఫనుకు తన ముప్పై ఏళ్ల పేరు చాలా చిన్నదిగా కనబడింది. కానీ ఇంకొక సంగతి అతన్ని నిలువనీయడం లేదు.

"రేపు పొద్దున గా పిల్ల ఎక్కుతది జంగయ్యా. దిల్‌సుఖ్‌నగర్ పంతులుగారి బిడ్డ. రెండుపక్కలా మర్ఫా డప్పులు కొడతరు. సేటే కళ్లెం పడ్తడు, ఎడమపక్క. కుడిపక్క ఎవ్వరుండరు."

జంగయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు దాని కుడిపక్క ఉంటే నేను నోరు మూస్కుంట. లేకుంటే రోడ్డు మీద అడ్డంబడి అందరి ముందర చెప్త. గా పిల్ల పడితే నాకు జీవితంల నిద్రపట్టదు."

"సేటు కొడతడు."

"కొడితే నన్ను ముందు కొట్టాలె. నువ్వు రా."

ఆదివారం ముహూర్తం పదకొండు ఇరవైకి. పెళ్లివారి అపార్ట్‌మెంటు నుంచి ఎల్బీనగర్ దగ్గర ఫంక్షన్ హాలు దాకా గుర్రం మీదే పోతే పుస్తె పడేది రోడ్డు మీదే అవుతుందని వెంకట్రావు లెక్క కట్టి, చివరి కిలోమీటరు మాత్రమే గుర్రమని తేల్చాడు. ఎనిమిదిన్నరకు కొత్తపేట దాటాక మెట్రో స్తంభాల పక్కన కార్లు ఆగాయి. పట్టుచీర ఒడుపుగా బిగించి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సింధు దిగింది. బ్యాంకు ఆడవాళ్లంతా ఈలలు వేశారు. చెంపకు చుక్క, కళ్లకు నల్లద్దాలు, నవ్వుతూ ఎడమపక్కనుంచి గుర్రమెక్కి కూర్చుంటే దారినపోయే ఆటోలు కూడా ఆగి చూశాయి. గోదావరి నుంచి వచ్చిన మేనమామ ఖాళీ గంప చంకలో పెట్టుకుని, నా పనేంటిరా అన్నట్టు వెనక నడుస్తున్నాడు.

స్తెఫను చర్చికి వెళ్లలేదు. ఎలీశమ్మ తెల్లచీర కట్టుకుని, ఒంట్లో బాగుందా అని అడిగితే, బాగుంది, పనుంది అని చెప్పి వచ్చేశాడు. ఊరేగింపు పక్కనే కాలిబాట మీద నడుస్తున్నాడు. జనంలో జంగయ్య ఎక్కడా కనబడలేదు.

మర్ఫా మొదలైంది. మహిపాల్ మెరిసే షేర్వానీ వేసుకుని, ఎడమపక్క కళ్లెం పట్టి దర్జాగా నడిపిస్తున్నాడు. మొదటి వంద అడుగులు సాఫీగానే సాగింది. తర్వాత డప్పుల వాళ్లలో ఇద్దరు ఊపు మీద ముందుకొచ్చి కుడిపక్కన చేరారు. ముత్యాలు చెవులు వెనక్కి పడ్డాయి. తల ఇంకా కుడికి తిప్పింది. ఎడమ ముందుకాలు తారు మీద పక్కకు జారింది.

"సేటూ, ఆపు!" అని అరిచాడు స్తెఫను. మర్ఫాలో అతని గొంతు అతనికే వినబడలేదు. రోడ్డు మీదికి ఉరికాడు. అప్పుడే సిటీ బస్సు ఒకటి కుడిపక్కనుంచి దూసుకొస్తూ హారను కొట్టింది. ముత్యాలు వెనక కాళ్ల మీద కొంచెం లేచింది. సింధు జీను ముందు భాగం రెండు చేతులా పట్టుకుంది. నల్ల కళ్లద్దాలు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. వెంకట్రావు చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

"ఓ ముత్యాలు! ఓ బిడ్డా! ఎందుకే పరేషాన్ అయితవ్, నేనున్న కదనే!"

జంగయ్య. ఎక్కడినుంచి వచ్చాడో, గుర్రం కుడి భుజానికి తన భుజం ఆనించి నడుస్తున్నాడు. గొంతెత్తి ఏదేదో చెబుతున్నాడు. హయత్‌నగర్‌లో ఉల్లిగడ్డ ఎంత పెరిగిందో, ఆ లారీవాడు ఎంత పీనాసో, అన్నీ చెబుతున్నాడు. ముత్యాలు కాళ్లు నేల మీద పడ్డాయి. చెవులు రెండూ అతని గొంతు వైపు తిరిగాయి. నాలుగడుగుల్లో నడక కుదురుకుంది. జనం ఇదంతా తమాషాలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. మర్ఫా వాళ్లు రెట్టింపు హుషారుగా అందుకున్నారు. స్తెఫనుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏయ్! నువ్వెందుకొచ్చినవ్ర ఈడికి!" మహిపాల్ అటు చెయ్యి చాచాడు.

"ఆయన్ని కదపొద్దండీ" అంది పైనుంచి సింధు. గొంతు ఇంకా వణుకుతోంది గానీ మాట మాత్రం గట్టిగా ఉంది. "ఆయన ఆ పక్కనే ఉండాలి. లేకపోతే నేనిక్కడే దిగి గంపలో వెళ్తాను."

మేనమామ గంప ముందుకు చాచాడు. నడిరోడ్డు మీద గిరాకీ దిగిపోవడమంటే ఏమిటో మహిపాల్‌కు తెలుసు. నోరు మూసుకుని నడిచాడు. హాలు గేటు దాకా జంగయ్య నోరు ఒక్క నిమిషం కూడా మూతపడలేదు.

పెళ్లికూతురు దిగి లోపలికి వెళ్లింది. గేటు పక్కన ముగ్గురే మిగిలారు, గుర్రంతో నలుగురు. మహిపాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏం నడుస్తుంది ఈడ? మంగళవారం నువ్వే చెప్తివి, వీడు షూటింగులకు తిప్పిండని. ఇయ్యాల వీణ్ణి నువ్వే తోలుకొచ్చినవ్. ఏందన్నా గిది?"

జంగయ్య స్తెఫను మొహంలోకి చూడకుండా గుర్రం జూలు దువ్వుతున్నాడు. స్తెఫనుకు నిజం తప్ప ఏదీ చెప్పడం అలవాటు లేదు. ముప్పై ఏళ్లలో అతని పని మీద ఎవరైనా ఒక్క మాట అంటే పడినవాడూ కాదు. ఇప్పుడు ఆ రెండూ ఒక్కసారే పోగొట్టుకోవాలి. ఆశ్చర్యమేమిటంటే, అతనికి అదేమంత కష్టంగా అనిపించలేదు.

"షూటింగూ లేదు, గీటింగూ లేదు సేటు. తప్పు నాది. పోయినసారి నాడా నేనే వంకర కొట్టిన. అందుకే ఒకదిక్కు అరిగింది. మంగళవారం చూసినంక తెలిసింది. ఒప్పుకోవాలంటే నామోషీ అయి వీని మీదికి తోసిన."

మహిపాల్ స్తెఫను చేతుల వైపు చూశాడు. "నువ్వా? వంకర కొట్టినవా?"

"ఔ. మొన్న కొట్టింది కూడా అట్లనే వచ్చింది. చెయ్యి మునుపటి లెక్క లేదు."

"మరి ఇయ్యాల గుర్రం బెదిరింది?"

"వీని గొంతు లేక. రోజూ నడిపించే మనిషి మారితే గుర్రం బెదరదా? వీణ్ణి పెట్టుకుంటవో, ఆదివారానికి ఒక గిరాకీ పోగొట్టుకుంటవో నీ ఇష్టం."

మహిపాల్ స్తెఫనును అన్న మాటలు కొన్ని ఇక్కడ రాయడానికి వీలులేనివి. ఒక మనిషి పొట్ట కొట్టావన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి స్తెఫను తల వంచుకుని విన్నాడు. ఇక నా షెడ్డు మెట్లు ఎక్కొద్దన్నాడు. తర్వాత జంగయ్య వైపు తిరిగి, "ఇంటికి తోలుకపో దాన్ని. నీళ్లు పెట్టు" అన్నాడు.

జంగయ్య స్తెఫను వైపు చూశాడు. స్తెఫను నడువు అన్నట్టు చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నం ఎలీశమ్మ అన్నం వడ్డిస్తూ అంతా విన్నది. "ఆదివారం పూట చర్చి ఎగ్గొట్టి, అబద్ధం చెప్పి వచ్చినవా?" అంది.

"ఔ."

"నీ పని పోయింది."

"చంపాపేట్‌ల పోయింది. రేపటికి ఎల్బీనగర్ అంతా పోతది."

ఆమె కూర ఇంకొంచెం వేసింది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అతను పెరట్లో కొలిమి రాజేశాడు. ఎలీశమ్మ ఆశ్చర్యపోయింది. పని పోయిన మనిషి అంత ఉత్సాహంగా సుత్తి పట్టుకోవడం ఆమె ఎక్కడా చూడలేదు. అతను మూడు గంటలు శ్రమపడి ఒక్క నాడా చేశాడు. లోపలి అంచు మామూలుగా ఉంచి, బయటి అంచు దానికి రెండింతల మందం పెట్టాడు. ఇనుము చల్లారాక పాత సంచిలో చుట్టి, కొత్తగా నాడాలు కొట్టడానికి వచ్చేవాడికి ఇమ్మని జంగయ్యకు అందజేశాడు. ఇంత వంకర నాడా అతను జీవితంలో ఎప్పుడూ చేయలేదు, ఇంత ఆనందంగా కూడా ఎప్పుడూ చేయలేదు.

నాలుగు వారాలు పోయాక ఎల్బీనగర్ చౌరస్తాలో చాయ్ బండి దగ్గర మహిపాల్ ఎదురుపడ్డాడు. మునుపటి కోపం లేదు. బండి డిక్కీలోంచి ఒక నాడా తీసి చేతిలో పెట్టాడు. ముత్యాలు ఎడమ ముందుకాలిది, ఆ పొద్దున ఊడదీసింది. లోపలి అంచు, బయటి అంచు వెంట్రుక తేడా లేకుండా ఒకే మందానికి అరిగాయి.

"చూస్తివా అన్నా? కొత్తాయన రామస్వామి కొట్టిండు. జంగయ్య ఏదో నాడా ఇస్తే, ఇదేం వంకరది అని ముందు గునిసిండట, అయినా కొట్టిండు. నాలుగు వారాలల్ల ఎంత సక్కగ అరిగిందో చూడు. గుర్రానికి ఏం రోగం లేదు, నీ చేతిదే తప్పని రుజువైంది కద!"

"అయింది సేటు" అన్నాడు స్తెఫను. నాడా బరువు అరచేతిలో తెలుస్తోంది. లోపల సంతోషం పొంగుతుంటే మొహం దిగాలుగా పెట్టుకోవడానికి చాలా అవస్థ పడ్డాడు. "రామస్వామిది మంచి చెయ్యి. ఇడువకు ఆయన్ని."

మహిపాల్‌కు జాలేసింది. ఎంత పేరున్న మనిషి, ఎట్లయిపోయిండు అనుకున్నాడు కాబోలు, రెండు చాయ్‌లు చెప్పి, దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"ఒక మాట చెప్త, ఏమనుకోకు. నీకు చూపు ఆనుతలేదన్నా. అందుకే వంకర పోతున్నది. గీ పక్క సందులనే కంటి దవాఖాన ఉంది. ఒకసారి పొయ్యి చూపెట్టుకో."

స్తెఫను తల ఊపాడు. "నిజమే సేటు. మస్తు ఆలస్యం చేసిన" అన్నాడు. నాడా తిరిగి ఇచ్చేసి, వేడి వేడి చాయ్ అందుకున్నాడు.